ఇటుకల పండుగ రోజుల్లో వచ్చిన బ్యాండు

అరకులో మా ఇంటికి ఫ్యాను కొన్నది ఆ ఏడాదే. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఆ లోయలోనే ఉన్నా ఎప్పుడూ అవసరం పడలేదు. ఏప్రిల్‌లో కూడా రాత్రిళ్లు దుప్పటి కప్పుకునేవాళ్లం. ఆ వేసవి మాత్రం కొండల మీద పోడు మంటల పొగ లోయలోనే నిలిచిపోయింది. మధ్యాహ్నం పూట రేకుల కింద కూర్చోవడం కష్టమైంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేను ప్రభుత్వ కాఫీ తోటల్లో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నప్పటిలాగే ఆ తర్వాత కూడా రోజూ సాయంత్రం డైరీ రాసుకునేవాణ్ని. ఎండ ఎలా ఉంది, వాన పడిందా, ఎవరు వచ్చారు, ఏం పనులయ్యాయి, అంతవరకే. ఇప్పుడు చెప్పబోయే సంగతి గురించి కూడా అందులో ఉన్నది నాలుగు ముక్కలే. మిగతాది గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

మాకు ఒక్కతే అమ్మాయి. విశాఖపట్నంలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేది. శివరాత్రి సెలవులకు వచ్చినప్పుడు, భోజనాలయ్యాక కంచాలు ఇంకా తియ్యకముందే, ఒక అబ్బాయి గురించి చెప్పింది. కలకత్తా అబ్బాయి. విశాఖలో ఓడలు మరమ్మతు చేసే చోట ఇంజినీరు. తల్లి లేదు, తండ్రి ఉన్నాడు. తండ్రి ఏం చేస్తాడని అడిగాను. అమ్మాయి కాసేపు మంచినీళ్ల గ్లాసు అటూ ఇటూ తిప్పింది.

“డ్రమ్స్ వాయిస్తారు నాన్నా.”

“పెళ్లిళ్లకా?” అని అడిగింది వాళ్లమ్మ.

మా ఆవిడది విజయనగరం దగ్గర పల్లె. ఆమె ఆ మాట వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగింది. పెళ్లిళ్లకు కాదట. రాక్ బ్యాండు అట. నలుగురు స్నేహితులు చదువుకునే రోజుల్లో పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లుగా అదే నలుగురు. సినిమా పాటలు పాడరు. బెంగాలీలోనూ ఇంగ్లీషులోనూ సొంతంగా రాసుకున్న పాటలే పాడతారు. అందుకే పెద్దగా డబ్బూ రాలేదు, టీవీలోనూ కనిపించరు. కాలేజీ పిల్లలకు మాత్రం దేశమంతా వాళ్లు తెలుసునని అమ్మాయి చెప్పింది. సంచిలోంచి ఒక క్యాసెట్టు తీసి మా టేప్‌రికార్డర్లో పెట్టింది. ఇనప మంచాన్ని గచ్చు మీద ఈడుస్తున్నట్టు వినిపించింది నాకు. మా ఆవిడ లేచి సౌండు తగ్గించింది. తగ్గిస్తే ఆ పాట అర్థం కాదని అమ్మాయి మళ్లీ పెంచింది.

భాష వేరు, తిండి వేరు, మనుషులు వేరు. ఇవన్నీ ఉన్నాయి. కానీ నాకు వీటన్నిటికంటే ఎక్కువగా అడ్డుపడింది ఆ తండ్రి. ఫొటో చూపించింది. యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు భుజాల దాకా ఉంది. ఊరూరా తిరిగి వాయించే మనిషి ఇల్లు ఎలా నడిపి ఉంటాడు, కొడుకును ఎలా పెంచి ఉంటాడు అన్నది నా అనుమానం. ఇంటి పద్ధతి తెలియకుండా పిల్లనివ్వలేను. తండ్రిని చూశాకే ఏ మాటైనా చెప్తానన్నాను.

అమ్మాయి దానికి ఒప్పుకుంది. ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా చెప్పింది. “మీరు వద్దంటే ఈ పెళ్లి చేసుకోను. కానీ తర్వాత ఇంకో సంబంధం తేవద్దు నాన్నా. ఇంకెవరి ముందూ కూర్చోను.” అది చెప్పిన మాట మార్చే పిల్ల కాదు. నా మాట మీద ఎంత ఆధారపడి ఉందో నాకూ మా ఆవిడకూ ఆ రోజే తెలిసింది.

తర్వాత నెల తిరక్కుండానే ఆ బ్యాండు అరకు వస్తోందని ఫోను చేసింది. రైల్వే స్టేషనుకు కొంచెం ఎడంగా అప్పుడే కట్టిన ఒక రిసార్టు ఉండేది. యజమాని మైదానం నుంచి వచ్చిన వ్యాపారి. మా దగ్గరికి బెంగాలీ యాత్రికులు బాగా వస్తారు. వేసవిలో కూడా వాళ్లను రప్పించాలని ఆయన ఒక సాయంత్రం కచేరీ పెట్టించాడు. వాళ్లు ఆ పిలుపు ఒప్పుకోవడానికి డ్రమ్మరే కారణమని, మమ్మల్ని చూడాలని ఆయనే మిగతావాళ్లను ఒప్పించాడని అమ్మాయి చెప్పింది. కచేరీకి ముందు తండ్రీకొడుకులు మా ఇంటికి వస్తారు. మర్నాడు పొద్దున వెళ్లిపోతారు. అంటే ఏ మాటైనా ఆ సాయంత్రమే చెప్పాలి.

కచేరీ పడింది చైత్రమాసంలో. అది కొండ ఊళ్లకు ఇటుకల పండుగ అనే వేట పండుగ సమయమని రిసార్టు యజమానికి తట్టలేదు. పండుగ రోజుల్లో మగవాళ్లు పొలం పని ముట్టుకోరు. పొద్దున్నే విల్లంబులు పట్టుకుని వేటకు వెళ్తారు. ఏదైనా దొరికితే డప్పులతో ఊళ్లోకి తీసుకొస్తారు. దొరక్కపోతే ఊరి మొదట్లో ఆడవాళ్లు కాచుకుని ఉంటారు. వట్టి చేతులతో వచ్చినవాడిని నిలబెట్టి, పాటలు కట్టి ఎగతాళి చేసి, నెత్తిన పేడనీళ్లు పోస్తారు. ఆ ఏళ్లకే అడవిలో జంతువులు తగ్గిపోయాయి కాబట్టి పేడనీళ్లు పడని మగవాళ్లు తక్కువ. అలాగే ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు కట్టి బళ్లను ఆపుతారు. బండి దిగాలి, పలకరించాలి, పండక్కి తోచింది చేతికివ్వాలి. అప్పుడు బొంగు లేస్తుంది. మాకు అది అలవాటే.

అమ్మాయి ముందురోజే వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం మా ఆవిడ జంతికలు వేయించి, మంచి చీర కట్టుకుని సిద్ధంగా కూర్చుంది. వాళ్లు రావలసిన వేళ దాటిపోయింది. చివరికి రిసార్టు మేనేజరు స్కూటరు మీద చెమటలు కక్కుతూ వచ్చాడు. వ్యానును కింద ఊరి దగ్గర ఆపేశారట. బ్యాండు వెంట వచ్చిన ఏర్పాట్ల మనిషి కిటికీలోంచే పెద్ద నోటు చాచి, బొంగు బేగి తియ్యమని చెయ్యి ఊపాడట. ఆడవాళ్లు ఆ నోటు తిరిగి వ్యానులోకే విసిరేసి రోడ్డు మీద కూర్చున్నారు. ఇంకో మూడు గంటల్లో కచేరీ.

“మీ తోటలో పనిచేసినవాళ్లే కదా సార్. మీరు చెబితే వింటారు,” అన్నాడు మేనేజరు.

నేను అద్దె జీపు ఒకటి పిలిపించుకుని బయల్దేరాను. మా ఆవిడా అమ్మాయీ కూడా జీపెక్కారు.

ఊరి మొదట్లో ఒక పనస చెట్టు ఉంది. దాని నీడలో ముగ్గురు మగవాళ్లు కోపంగా నిలబడి ఉన్నారు. పొట్ట ఉన్న ఒకాయన మేనేజరును చూడగానే ఇంగ్లీషులో అరవడం మొదలుపెట్టాడు. బ్యాండులో పాడేది ఆయనే అని తర్వాత తెలిసింది. రోడ్డు మధ్యలో, ఎండలో, ఇంకిద్దరు ఉన్నారు. ఒకాయన పొడుగ్గా, సన్నగా, నెరిసిన జుట్టు వెనక్కి ముడేసుకుని ఉన్నాడు. గంధం రంగు పట్టు లాల్చీ తొడుక్కున్నాడు. కింది సగం ఇస్త్రీ మడతలు ఇంకా అలాగే ఉన్నాయి. పై సగం పచ్చగా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పక్కన కుర్రవాడి చొక్కా కూడా అదే రంగులో ఉంది.

“నాన్నా, వాళ్లే,” అంది అమ్మాయి మెల్లగా.

ఆడవాళ్ల గుంపుకు పెద్ద ఒక ముసలావిడ. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు మా తోటలో కాఫీ పళ్లు కోసేవాళ్లకు ఆవిడే నాయకురాలు. నన్ను చూసి లేచి వచ్చింది. ఏం జరిగిందని అడిగాను.

“నోటిచ్చినోడు దిగలేదు బాబూ. ఈ పొడుగాయన దిగినాడు. మంచోడే. ఏటి తెచ్చినావని అడిగినాం. రెండు సేతులూ సాపి సూపించినాడు, ఏటీ లేదని. నవ్వినాడు కూడాను. మరి మేమేటి సెయ్యాల?”

ఆయన తప్పేమీ లేదు. భాష తెలియక, నా దగ్గర ఏమీ దాచుకోలేదమ్మా అన్నట్టు చేతులు చాపాడు. కానీ పండుగ రోజుల్లో ఆ ఊరి మొదట్లో మగవాడు వట్టి చేతులు చాపి చూపించడం అంటే వేట దొరకలేదని ఒప్పుకోవడమే. కుండ సిద్ధంగా ఉంది. పోసేశారు.

“మరి ఆ అబ్బాయి?” అని అడిగింది మా ఆవిడ.

“ఆ గుంటడి మీద మేం పొయ్యలేదమ్మా. వోడే వొచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. నిలబడ్డాక వొగ్గేత్తామేటి?”

నేను ఆ పెద్దమనిషి దగ్గరికి వెళ్లి ఇంగ్లీషులో నన్ను పరిచయం చేసుకున్నాను. ఆయన చేతులు జోడించబోయి, వాటికున్న పేడ చూసుకుని ఆగిపోయి, తల వంచాడు. పండుగ సంగతి, చేతుల సంగతి వివరించాను. శ్రద్ధగా విన్నాడు. విని, వేట దొరకనివాడు ఆ తర్వాత ఏం చెయ్యాలని అడిగాడు. నాకది కొత్తగా తోచింది. మైదానం నుంచి వచ్చినవాళ్లు ఇలాంటిచోట ఎలా తప్పించుకోవాలా అని అడుగుతారు. లేదా ఫొటో తీసుకుంటామంటారు.

ముసలావిడను అడిగితే, రేపు మళ్లీ అడవికి వెళ్లాలంది. రేపు ఆయన కలకత్తా వెళ్లిపోతాడన్నాను. అయితే పాటైనా నిలబడి వినాలంది.

ఆయన నిలబడ్డాడు. కొడుకూ నిలబడ్డాడు. ఆడవాళ్లు ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులు వేసుకుని వరస కట్టి, వాళ్ల చుట్టూ తిరుగుతూ పాడారు. ఏం పాడుతున్నారని ఆయన అడిగితే నేను ముక్కముక్కగా చెప్పాను. ఉచ్చు పన్నేంత పొడుగు జుట్టుంది గానీ ఒక్క కంజు పిట్ట కూడా చిక్కలేదట. విల్లును చెదలు తినేశాయట. దానికి ఆయన నవ్వాడు. తర్వాతి చరణం, ఇంట్లో పెళ్లాం పొయ్యి మీద కుండ పెట్టుకుని కూర ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోందని. అది కూడా చెప్పేశాక నాకు అమ్మాయి మాట గుర్తొచ్చింది, తల్లి లేదని. ఆయన తల ఊపాడు, అంతే. కుర్రవాడు రోడ్డు వైపు చూశాడు. మళ్లీ చరణం మారేదాకా ఇద్దరూ కదలలేదు.

పనస కొమ్మకు ఊరి డప్పు వేలాడుతోంది. వాయించే మగవాళ్లు అడవిలో ఉన్నారు కాబట్టి పాట డప్పు లేకుండానే సాగింది. పాట అయ్యాక ఆయన కళ్లు దాని మీద పడ్డాయి. అటు రెండడుగులు వేశాడు. చెయ్యి లేచింది కూడా. ముసలావిడ వద్దని అరిచింది. వేటగాళ్లు తిరిగొచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదని నేను చెప్పాను. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఆగిపోయాడు. ఎందుకని అడగలేదు. మేం అక్కడున్నంతసేపూ ఆ చేతులు వెనకే ఉన్నాయి. జీవితమంతా డ్రమ్ములు వాయించిన మనిషి.

ముసలావిడకు ఇంకో సందేహం మిగిలింది. “ఇంతకీ ఈయన మీకేటవుతాడు బాబూ? ఇంత ఎండలో మీరంతా కట్టగట్టుకుని ఎందుకొచ్చినారు?”

తెలిసినవాళ్లని చెప్పాలా, కచేరీకి వచ్చినవాళ్లని చెప్పాలా అని నేను ఆలోచిస్తున్నాను. మా ఆవిడ ముందుకొచ్చింది.

“మా వియ్యంకుడు,” అంది.

అమ్మాయి చటుక్కున నా మొహంలోకి చూసింది. నేను ఔననలేదు, కాదనలేదు. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. వియ్యంకుడిని ఆటపట్టించడం ఎక్కడైనా ఉన్నదే. ఒక పడుచుపిల్ల కుండలో అడుగున మిగిలిన నీళ్లు కూడా తెచ్చి ఆయన నెత్తిన గుమ్మరించింది. చెట్టు కింద ఉన్న ముగ్గుర్నీ పిలిచి, నోటిచ్చిన మనిషిని వ్యాను దింపి, ఒక్కొక్కరి చేతా నమస్కారం పెట్టించుకుని బొంగు లేపారు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో వెనక సీట్లో మేమిద్దరమే ఉన్నాం. అమ్మాయి ముందు కూర్చుంది. అలా ఎలా అన్నావని అడిగాను. గొంతు తగ్గించలేదు మా ఆవిడ.

“మరేటని సెప్పాల? మన పిల్ల కోసం వొచ్చి పేడనీల్లు పోయించుకున్నోడిని ఎవులో తెలీదని సెప్పనా? మీరు కాదంటే కాదనండి. నా మాట నాది.”

అమ్మాయి వెనక్కి తిరగలేదు.

తండ్రీకొడుకులు మా ఇంటి పెరట్లో స్నానం చేశారు. వేరే బట్టలు తొడుక్కుని వరండాలో కూర్చుని జంతికలు తిన్నారు, కాఫీ తాగారు. మాట్లాడడానికి టైము లేదు. స్టేజీ మీద అన్నీ బిగించుకోవాలని వెంటనే వెళ్లిపోయారు. నేను కూడా ఏమీ అడగలేదు. తోటను పూతలో చూసి నిర్ణయాలు చెయ్యకూడదని, ఎండాకాలం చివర చూడాలని ఉద్యోగంలో నేర్చుకున్నాను. మనిషినైనా అంతే, పనిలో చూడాలి.

కచేరీ రిసార్టు పక్కన ఖాళీ స్థలంలో. పొద్దు కొండల వెనక్కి దిగినా నేలలోంచి సెగ వస్తూనే ఉంది. బీరువాలంత స్పీకర్లు అటూ ఇటూ పేర్చారు. ముందు వరసల్లో కుర్చీలు, వాటిలో విసనకర్రలతో యాత్రికులు. వెనక విశాఖ నుంచి రైల్లో వచ్చిన కాలేజీ పిల్లలు. వాళ్లు నిలబడే ఉన్నారు. ఇంకా వెనక, గట్టు మీద, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. మా ముసలావిడ తన గుంపుతో వచ్చి మా కుర్చీల పక్కనే నేల మీద చతికిలబడింది. తాము నీళ్లు పోసిన మనిషి ఏం చేస్తాడో చూడాలట. మా ఆవిడ కొంగు ముడిలోంచి దూది తీసి నాకు కొంత ఇచ్చింది. నేను డ్రమ్మరు బాగా కనిపించేలా పక్కకు జరిగి కూర్చున్నాను.

మొదటి దెబ్బకు కుర్చీ కదిలినట్టయింది. దూది ఉన్నా లాభం లేకపోయింది. గట్టు మీద ఆడవాళ్లందరూ చెవులు మూసుకున్నారు. అంత చప్పుడులోనూ కాలేజీ పిల్లలు ప్రతి మాటా కలిపి పాడుతున్నారు. పాడే పెద్దమనిషికి గొంతు పైకి వెళ్లడం లేదు. పై స్వరం వచ్చిన చోటల్లా మైకు పిల్లల వైపు తిప్పేవాడు, వాళ్లు అందుకునేవారు. అమ్మాయి నా దూది ఒకవైపు తీసేసి చెవిలో అర్థాలు చెప్పింది. ఒకటి మూతపడ్డ జనపనార మిల్లు గురించి. ఒకటి ట్రాములో రోజూ ఎదురుగా కూర్చునే మనిషితో ఎప్పుడూ మాట్లాడకపోవడం గురించి. మాటలు బాగానే ఉన్నాయి. పాటలు నాకు నచ్చలేదు. ఇప్పుడు రాసేటప్పుడైనా నచ్చాయని రాయలేను.

నాలుగైదు పాటలయ్యాక ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. దీపాలూ ఆరిపోయాయి. ఆ వేడికి జనరేటరు నిలిచిపోయింది. సాయంత్రపు వెలుతురు ఇంకా కొంచెం ఉంది. పిల్లలు ఈలలు వేశారు. పాడే ఆయన మైకు కింద పెట్టి స్టేజీ దిగిపోయాడు. తక్కిన ఇద్దరి వాయిద్యాలూ కరెంటుతో పలికేవే, చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. కుర్రవాడు జనరేటరు వైపు పరిగెత్తడం కనిపించింది.

డ్రమ్మరు మాత్రం ఆపలేదు. ఆయనకు కరెంటు అక్కర్లేదు. తన ప్రతాపం చూపించడానికి అదే అదును అనుకుంటాడని చూశాను. అలా చెయ్యలేదు. ఆ పాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి, అదే నడక, చాలా తగ్గించి వాయిస్తూ కూర్చున్నాడు. ఇంట్లో ఎవరో నిద్రపోతుంటే పని చేసుకునేవాళ్లు చేసినట్టు. పిల్లల ఈలలు తగ్గాయి. గట్టు మీద ఆడవాళ్లు ఒక్కొక్కరే చెవుల మీంచి చేతులు తీశారు.

“ఇప్పుడు ఇనపడుతున్నాడు,” అంది ముసలావిడ మా ఆవిడతో. “ఇందాకట్నించి ఆ మిగతావోళ్లు ఈడి సప్పుడంతా మింగేసినారు.”

“మా వియ్యంకుడు నెమ్మదస్తుడు మరి,” అంది మా ఆవిడ, నా వైపు చూడకుండా.

జనరేటరు చల్లబడి మళ్లీ తిరిగేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆయన ఆ నడక వదల్లేదు. దీపాలు వెలిగాయి, పాడే ఆయన తిరిగొచ్చి మైకు అందుకుని గట్టిగా మొదలుపెట్టాడు. నాకేమీ తేడా తెలియలేదు. అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది.

“చూశారా నాన్నా? ఆయన తప్పుచోట అందుకున్నారు. ఈయన ఒక దెబ్బ వదిలేసి కలుపుకున్నారు. ఆయనకు తప్పినట్టు కూడా తెలీదు.”

ఆ తర్వాత నేను పాట వినడం మానేసి అదే చూశాను. ఆ రాగాలు నాకు తెలియవు గానీ మనుషులు ఒకరితో ఒకరు పని చెయ్యడం తెలుసు. పాడే ఆయన ముందుకు ఉరికినప్పుడల్లా ఈయన కొంచెం ఆగేవాడు, వెనకబడితే అందించేవాడు. చప్పట్లు కొట్టినప్పుడు పిల్లలందరూ పాడే ఆయన్నే చూశారు. దానికి ఈయన మొహంలో ఏ మార్పూ లేదు. కచేరీ అయ్యేదాకా అలాగే సాగింది.

జనం కదిలాక నేను స్టేజీ ఎక్కాను. ఆయన తన డ్రమ్ములు తనే విప్పి, ఒక్కొక్కటీ పాత తువ్వాలుతో తుడిచి పెట్టెల్లో పెట్టుకుంటున్నాడు. కుర్రవాడు చేతుల నిండా జనరేటరు నల్లటి మడ్డితో తీగలు చుడుతున్నాడు. అమ్మాయి అతనికి చివర పట్టుకుని సాయం చేస్తోంది. నన్ను చూసి చుట్టడం ఆపింది.

నా చెవిలో దూది స్టేజీ మీంచి కనిపించిందని ఆయన నవ్వుతూ అన్నాడు. దాచడం ఎందుకని, మీ పాటలు నాకు నచ్చలేదని చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. తన భార్యకూ నచ్చేవి కావన్నాడు. అయినా ప్రతి కచేరీకీ వచ్చి మొదటి వరసలోనే కూర్చునేదట, దూది పెట్టుకుని.

ఆవిడ ఎప్పుడు పోయిందని అడిగాను. కొడుకు పదో తరగతిలో ఉండగా, అన్నాడు. ఆ తర్వాత మీరు ఊళ్లు తిరుగుతుంటే పిల్లవాణ్ని ఎవరు చూశారన్నాను. నేను అడగదలుచుకున్నది అసలు ఆ ఒక్కటే. తిరగలేదన్నాడు ఆయన. కొడుకు ఇంజినీరింగు పూర్తయ్యేదాకా బ్యాండు వదిలేసి, ఇంటి దగ్గరే బడిపిల్లలకు డ్రమ్ములు నేర్పుకుంటూ ఉన్నాడు. ఆ ఏళ్లలో వీళ్లు వేరే డ్రమ్మరును పెట్టుకున్నారు. వాళ్ల క్యాసెట్లలో బాగా పేరొచ్చినది ఆ రోజుల్లో చేసినదేనట, అందులో తన వాయింపు లేదు. తర్వాత మళ్లీ రమ్మంటే వచ్చాడు. ఇదంతా తువ్వాలు పిండుకుంటూ, రైలు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు. ముప్పై ఏళ్లుగా అదే నలుగురు అని అమ్మాయి చెప్పిన మాటలో ఈ ఖాళీ లేదు. తనకూ చెప్పలేదన్నమాట. అటు చూస్తే అమ్మాయి తీగ పట్టుకుని అలాగే నిలబడి వింటోంది.

ఆయన నన్ను ఏమీ అడగలేదు. కాఫీకి, స్నానానికి మరోసారి థాంక్స్ చెప్పాడు. వాళ్లందరికీ రిసార్టులో భోజనం ఏర్పాటైంది, ఇక వెళ్లొస్తామన్నాడు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లకు ఫలహారం, కాఫీ వరకే ఇస్తాం. మాట కుదిరేదాకా మేం అన్నం పెట్టం, వాళ్లూ తినరు. విస్తరి వేసి అన్నం వడ్డించామంటే పిల్లనిచ్చినట్టే. పైకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. మా ఆవిడ మధ్యాహ్నం జంతికలతో ఆపింది కూడా అందుకే.

“రిసార్టులో తినకండి. మీరూ అబ్బాయీ మా ఇంట్లో తినండి,” అని ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను.

ఈ వేళప్పుడు ఆడవాళ్లకు శ్రమ ఎందుకని ఆయన మొహమాటపడ్డాడు. అమ్మాయి తీగ వదిలేసి దగ్గరికి వచ్చింది.

“నాన్నా, ఫలహారమా? అన్నమా?”

“అన్నమే. నువ్వు ముందు వెళ్లి మీ అమ్మను బియ్యం కడగమను.”

అది మెట్ల దాకా నడిచి, అక్కడి నుంచి పరిగెత్తింది.

ఆ పూట మా ఇంట్లో ఉన్నది వంకాయలు, కందిపప్పు. ముందే చెబితే చేపలు తెప్పించేదాన్ని కదా, బెంగాలీవాళ్లకు చేప లేకుండా ఎలాగని మా ఆవిడ వంటింట్లోంచి నన్ను సాధిస్తూనే వండింది. కొత్త ఫ్యాను నడవాలోకి తెచ్చి పెట్టి, దాని ఎదురుగా రెండు విస్తళ్లు వేశాం. ఆయన రెండు ముద్దలు తిన్నాడు. అప్పుడు కుర్రవాడు తల వంచి ఆయన చెవిలో బెంగాలీలో ఏదో చెప్పాడు. ఈ అన్నం అంటే ఏమిటో అమ్మాయి అప్పుడే అతనికి చెప్పి ఉంటుంది. ఆయన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. తలెత్తి నన్ను చూశాడు, వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడను చూశాడు. నేను తల ఊపాను.

ఆయన విస్తరి కొంచెం ముందుకు జరిపి, ఇంకాస్త అన్నం పెట్టమన్నట్టు మా ఆవిడకు సైగ చేశాడు.